ఆపరేషన్ ముందు రాత్రి, తర్వాతి వారం



పోయిన నెల మోకీలు మార్పిడి గురించి రాశాక వచ్చిన ఉత్తరాలన్నీ ముందేసుకుని కూర్చున్నాను. మోకాలి గురించి అడిగినవాళ్లు కొద్దిమందే. మిగతావాళ్లంతా అడిగింది మత్తు గురించి. “మా నాన్నగారికి డెబ్బై ఆరేళ్లు, మత్తు తట్టుకుంటారా?” అని ఒకరు. “మత్తు ఎక్కువైతే ఇక లేవరంటారు, నిజమేనా డాక్టరు గారూ?” అని ఇంకొకరు. నడుముకిచ్చే మత్తు మంచిదా, మొత్తానికిచ్చే మత్తు మంచిదా అని చాలామంది. చంటిబిడ్డకు హెర్నియా ఆపరేషన్ చెప్పారు, మత్తు వల్ల బిడ్డ బుర్ర మందగిస్తుందేమోనని నిద్ర పట్టడం లేదని ఒక తల్లి రాశారు. నేను చేసే పనే మత్తివ్వడం కాబట్టి ఈ నెల ఉత్తరం మొత్తం దీనికే. ఈ మధ్య పరిశోధనలు ఏం తేల్చాయో, వాటిని బట్టి ఇంట్లోవాళ్లుగా మీరేం చేయొచ్చో రాస్తాను.

ముందు ఆ ‘లేవరేమో’ అన్న భయం సంగతి. విజన్ అనే పెద్ద అధ్యయనం ఒకటి 2019లో అచ్చయింది. 14 దేశాల్లోని 28 ఆస్పత్రుల్లో, 45 ఏళ్లు దాటినవాళ్లు, గుండె ఆపరేషన్ కాకుండా వేరే ఆపరేషన్లు చేయించుకున్నవాళ్లు, మొత్తం 40,004 మంది. ఆపరేషన్ రోజు నుంచి నెల రోజులపాటు వాళ్లలో ఎవరికేమైందో రాసుకుంటూ వచ్చారు. మన దేశంలోని రోగులూ అందులో ఉన్నారు. ఆ నెల రోజుల్లో 715 మంది చనిపోయారు. వాళ్లలో ఆపరేషన్ థియేటర్లో పోయినవాళ్లు ఎంతమంది అనుకుంటున్నారు? ఐదుగురు. ఐదు వందల మంది ఆపరేషన్ అయ్యాక ఆస్పత్రి మంచం మీద పోయారు. మిగిలిన 210 మంది డిశ్చార్జ్ అయి వెళ్లిపోయాక పోయారు.

ఆ అంకెలు మొదటిసారి చదివినప్పుడు నేను చాలాసేపు ఆ పేజీ తిప్పలేదు. బంధువులు థియేటర్ తలుపు దగ్గర నిలబడి దేవుళ్లందరికీ మొక్కుకుంటారు. ఎర్రలైటు ఆరిపోయి, “బాగానే జరిగింది” అని సర్జన్ చెప్పగానే సగం మంది ఊరికి బస్సెక్కేస్తారు. మనిషికి అసలు గడ్డు రోజులు మొదలయ్యేది అప్పుడే. రక్తం కారడం, గుండె కండరం దెబ్బతినడం, ఇన్ఫెక్షన్ ఒళ్లంతా పాకడం: మరణాలతో ఎక్కువగా ముడిపడిన కారణాలు ఈ మూడూ అని విజన్ చెప్పింది. ఆపరేషన్ తర్వాత గుండెకు దెబ్బ తగిలితే చాలామందికి ఛాతీ నొప్పి కూడా తెలియదు. నొప్పి మందులు దాన్ని కప్పేస్తాయి. ఆఫ్రికాలో 25 దేశాల్లో చేసి 2018లో అచ్చువేసిన మరో అధ్యయనంలోనూ మరణాల్లో దాదాపు 95 శాతం ఆపరేషన్ ముగిశాక జరిగినవే. ఈ ఉత్తరంలో మీకు నేను చెప్పదలుచుకున్నది ఇదే: భయం ఆపరేషన్ బల్ల మీద గడిచే రెండు గంటల నుంచి తీసి, జాగ్రత్తగా మార్చి, దానికి ముందు రాత్రి మీదా తర్వాతి వారం మీదా పెట్టండి.

బల్ల మొదటినుంచీ ఇంత భద్రంగా లేదు. 1848లో ఇంగ్లండ్‌లో హన్నా గ్రీనర్ అనే పదిహేనేళ్ల పిల్ల కాలి గోరు తీయించుకోవడానికి కుర్చీలో కూర్చుంది. గుడ్డ మీద చల్లిన క్లోరోఫామ్ పీల్చింది. నిమిషాల్లో ప్రాణం పోయింది. ఆ తర్వాత దశాబ్దాలపాటు వైద్యులు ఒక్క ప్రశ్న మీద కొట్టుకున్నారు: క్లోరోఫామ్ ముందు ఆపేది ఊపిరినా, గుండెనా? ఆ తగువు తేల్చడానికి జరిగిన ప్రయోగాల్లో అన్నిటికన్నా పేరు మోసినవి మన హైదరాబాద్‌లో జరిగాయని మీలో ఎంతమందికి తెలుసు? రెసిడెన్సీ సర్జన్ ఎడ్వర్డ్ లారీ హైదరాబాద్ మెడికల్ స్కూలు నడిపేవాడు. ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ డబ్బిచ్చారు. 1888లో మొదటి క్లోరోఫామ్ కమిషన్ కూర్చుంది. దాని తీర్పు ఇంగ్లండ్‌లో నమ్మలేదు. అయితే మీ మనిషినే పంపండి, ఖర్చు మాది అని నిజాం వెయ్యి పౌన్లు ఇస్తే, లాన్సెట్ పత్రిక తరఫున లాడర్ బ్రంటన్ అనే పెద్ద డాక్టరు 1889లో ఓడెక్కి వచ్చాడు. వందలాది జంతువుల మీద ప్రయోగాలు చేసి మళ్లీ అదే మాట చెప్పారు: ముందు ఆగేది ఊపిరి, గుండె తర్వాత, కాబట్టి నాడి పట్టుకుని కూర్చోకండి, ఊపిరి చూడండి.

అందులో సగమే నిజం. పలచగా ఇచ్చిన క్లోరోఫామ్ ఒంట్లో ఊరే అడ్రినలిన్‌తో కలిస్తే గుండె లయ తప్పి ఉన్నట్టుండి ఆగిపోగలదని 1911లో గుడ్‌మన్ లెవీ రుజువు చేశాడు. అయినా ‘ఊపిరి చూడండి’ అన్న హైదరాబాద్ మాట ఇవాళ్టికీ మా వృత్తిలో మొదటి పాఠమే. ఆ కమిషన్ రోజుల్లోనే అదే స్కూల్లో చదువుకుని, క్లోరోఫామ్ ఇవ్వడంలో ఆరితేరిన రూపాబాయి ఫర్దూంజీ అనే పార్సీ యువతి ఉన్నారు. ప్రపంచంలో తొలి మహిళా మత్తు డాక్టర్లలో ఆమెను లెక్కిస్తారు. తర్వాత పైచదువులకు ఎడిన్‌బరో కూడా వెళ్లారు. నేను చదివిన పాఠ్యపుస్తకాల్లో ఆమె పేరు లేదు. మన పిల్లల పుస్తకాల్లోనైనా ఉండాలని నా గట్టి కోరిక.

ఇప్పుడు ఊపిరీ గుండే రెండూ తెర మీద కనిపిస్తూనే ఉంటాయి. కరోనా రోజుల్లో ఇంటింటా కొనుక్కున్న వేలి క్లిప్పు, పల్స్ ఆక్సీమీటరు, 1970ల తొలినాళ్లలో జపాన్‌లో తకువో ఆవోయాగి అనే ఇంజనీరు ఆలోచనలోంచి పుట్టింది. వదిలే ఊపిరిలో బొగ్గుపులుసు వాయువు ఎంతుందో క్షణక్షణం గీసి చూపే యంత్రం ఇంకోటి. బల్ల భద్రమైంది ఇలా. ఇక ముందు రాత్రికి వద్దాం. నాకు ఎక్కువ బాధ కలిగించేది అదే.

మా వార్డులో పొద్దున్నే రౌండ్లకు వెళ్తే ఎప్పుడూ కనిపించే మనిషి ఒకరుంటారు. పల్లెటూరి నుంచి వచ్చిన పెద్దావిడ. రాత్రి ఎనిమిదింటికి రెండు ఇడ్లీలు తిన్నది. “పొద్దున ఆపరేషన్, ఏమీ తాగకూడదు” అన్నారు కాబట్టి తొమ్మిది తర్వాత చుక్క నీళ్లు ముట్టలేదు. పొద్దున మొదటి కేసు ఆలస్యమైంది, మధ్యలో ఒక ఎమర్జెన్సీ దూరింది, ఆవిడ వంతు మధ్యాహ్నం రెండింటికి వచ్చింది. పెదాలు పగిలి తెల్లగా ఉంటాయి. నాలుక చూపించమంటే అంగిలికి అతుక్కుని టప్పున చప్పుడుతో విడివడుతుంది. కోడలు తడిగుడ్డతో పెదాలు అద్దుతూ ఉంటుంది, అది కూడా తప్పేమోనని భయపడుతూ. చేతి మీద నరం పైకి తేలదు, సూది రెండు మూడు చోట్ల గుచ్చాల్సి వస్తుంది. ఎండిపోయిన ఒంటికి మత్తివ్వగానే బీపీ దబ్బున పడిపోతుంది. ఇంత బాధా ఆవిడ క్షేమం కోసమే అనుకుని పడింది. అందులో చాలా భాగం అనవసరం.

పరగడుపు నియమం వెనక నిజమైన ప్రమాదం ఉంది. న్యూయార్క్‌లోని ఒక ప్రసూతి ఆస్పత్రిలో కర్టిస్ మెండెల్సన్ అనే డాక్టరు 1932 నుంచి 1945 దాకా 44,016 కాన్పుల లెక్కలు తీసి, వాళ్లలో 66 మందికి మత్తులో ఉండగా కడుపులోది ఊపిరితిత్తుల్లోకి పోయిందని 1946లో రాశాడు. అప్పట్లో ముఖానికి మాస్కు పెట్టి ఈథర్ ఇచ్చేవారు, గొంతులో గొట్టం వేసేవారు కాదు. అప్పటి నుంచి ‘అర్ధరాత్రి దాటాక ఏమీ వద్దు’ అన్న మాట పాతుకుపోయింది. చెప్పడం తేలిక, గుర్తుపెట్టుకోవడం తేలిక, కేసు ముందూ వెనకా జరపడమూ తేలిక. ఆస్పత్రికి సౌకర్యం, మనిషికి దాహం.

కడుపు అన్నిటినీ ఒకేలా ఖాళీ చేయదు. మంచినీళ్లు అరగంటలోపే చాలావరకు కిందికి జారిపోతాయి. అన్నం, పాలు, వేపుడు కూర గంటల తరబడి ఉంటాయి. అందుకే అమెరికా మత్తు వైద్యుల సంఘం దశాబ్దాలుగా చెబుతున్నది, మన ఇండియన్ సొసైటీ ఆఫ్ అనస్థీషియాలజిస్ట్స్ 2020లో అచ్చువేసిన మార్గదర్శకాలూ చెబుతున్నది ఒకటే: మంచినీళ్లలాంటి తేట ద్రవాలు మత్తుకు రెండు గంటల ముందు దాకా తాగొచ్చు, తల్లిపాలు నాలుగు గంటల ముందు దాకా, తేలికపాటి తిండి ఆరు గంటల ముందు దాకా, నూనె, నెయ్యి, మాంసం తగిలిన భోజనమైతే ఎనిమిది గంటలు. పిల్లలకైతే తేట ద్రవాలు గంట ముందు దాకా ఇవ్వొచ్చని యూరప్ సంఘం 2022లో ఇంకా సడలించింది. స్కాట్లాండ్‌లోని డండీలో మొదలైన పద్ధతి ఇంకో అడుగు ముందుకేసింది. థియేటర్ నుంచి పిలుపు వచ్చేదాకా కొద్దికొద్దిగా నీళ్లు చప్పరిస్తూ ఉండమంటారు.

తేట ద్రవం అంటే గ్లాసులోంచి చూస్తే అవతలి వైపు వేళ్లు కనబడాలి. నీళ్లు, పాలు కలపని టీ, గుజ్జు వడకట్టేసిన పండ్లరసం ఆ లెక్కలోకి వస్తాయి. మజ్జిగ రాదు. రాగి జావ రాదు. “పాలే కదా, పల్చగా ఉన్నాయి” అని కాఫీ ఇచ్చేస్తారు కొందరు. పాలు కడుపులోకి పోగానే విరిగి గడ్డకడతాయి, అవి తిండితో సమానం. కాఫీ తాగిన సంగతి దాచొద్దు. చెప్తే కేసు రెండు మూడు గంటలు వాయిదా పడుతుంది, అంతే. దాస్తే ఊపిరితిత్తుల్లోకి పోవచ్చు.

ఈ నియమం అందరికీ వర్తించదని కూడా చెప్పాలి. నొప్పులు పడుతున్న గర్భిణులు, పేగు మడతపడ్డవాళ్లు, చాలా ఏళ్లుగా షుగరు ఉండి తిన్నది అరగక కడుపు బరువుగా ఉండేవాళ్లు, యాక్సిడెంటై వచ్చినవాళ్లు: వీళ్ల కడుపు గడియారం వేరు. ఇప్పుడు వాళ్లతో ఇంకో జట్టు చేరింది. బరువు తగ్గడానికి, షుగరుకు వారానికోసారి పొడుచుకునే ఇంజక్షన్లు వాడేవాళ్లు. 2025లో మౌంజారో, వెగోవీ మన మార్కెట్లోకి వచ్చాక మా ఓపీలో కూడా వీళ్లు కనబడుతున్నారు. అమెరికాలో ఉన్న మన పిల్లలైతే అంతకుముందు నుంచే వాడుతున్నారు. ఈ మందులు ఆకలి తగ్గించే దారుల్లో ఒకటి కడుపు నెమ్మదిగా ఖాళీ అయ్యేలా చేయడం. ఎనిమిది గంటలు పస్తున్నా కడుపులో ముద్ద అలాగే ఉండొచ్చు. 2023లో అమెరికా సంఘం వారం ముందు ఇంజక్షన్ ఆపమంది. 2024లో అనేక సంఘాలు కూర్చుని దాన్ని సవరించాయి: చాలామంది ఆపనక్కర్లేదు, వాంతులు, కడుపుబ్బరం ఉన్నవాళ్లు, కొత్తగా మొదలుపెట్టి మోతాదు పెంచుతున్నవాళ్లు జాగ్రత్తపడాలి, అలాంటివాళ్లు ముందు రోజంతా ద్రవాహారం మీద ఉంటే మంచిది అన్నాయి. అనుమానం ఉంటే పొట్ట మీద అల్ట్రాసౌండ్ పెట్టి ఖాళీగా ఉందో లేదో నేను కళ్లారా చూసుకోగలను. కానీ మీరు ఆ ఇంజక్షన్ వాడుతున్నారని నాకు తెలిస్తేనే కదా. బరువు మందు గురించి పదిమందిలో చెప్పడానికి మొహమాటపడి ఊరుకునేవాళ్లున్నారు. దయచేసి మత్తు డాక్టరు చెవిలోనైనా చెప్పండి.

ముందు రాత్రి గురించి ఇంకో మంచి మాట ఉంది. ఆస్ట్రేలియా, న్యూజిలాండ్‌లలో 441 మంది కడుపు పైభాగపు పెద్ద ఆపరేషన్లకు వచ్చారు. సగం మందికి ఒక చిన్న పుస్తకం ఇచ్చారు. మిగతా సగానికి పుస్తకంతో పాటు ఫిజియోథెరపిస్టు అరగంట కూర్చుని, ఆపరేషన్ తర్వాత ఊపిరితిత్తుల్లో అడుగుభాగం ఎలా ముడుచుకుపోతుందో, కఫం ఎందుకు పేరుకుంటుందో విడమర్చి చెప్పి, గట్టిగా ఊపిరి పీల్చి పట్టుకుని దగ్గడం నేర్పారు. మెలకువ రాగానే మీ అంతట మీరే మొదలుపెట్టండి, ఎవరూ వచ్చి చెప్పేదాకా ఆగొద్దు అన్నారు. అంతే. పుస్తకం మాత్రమే అందుకున్నవాళ్లలో 27 శాతానికి ఊపిరితిత్తుల ఇబ్బంది వస్తే, ఆ అరగంట పాఠం విన్నవాళ్లలో 12 శాతానికే వచ్చింది. 2018లో వచ్చిన ఈ ఫలితం చదివాక నేను మా వార్డులో పద్ధతి మార్చాను. ఊపిరి పీల్చి బంతులు పైకి లేపే మూడు బంతుల గొట్టం ఆపరేషన్ తర్వాత చేతికివ్వడం మానేసి ముందు రోజే ఇస్తున్నాను. కోత నొప్పిలో ఉన్న మనిషికి కొత్త పాఠం ఎక్కదు. ముందు రోజు మనవడి ఎదురుగా బంతులు పైకి లేపిన తాత, మర్నాడు నొప్పిలో కూడా లేపుతాడు. బీడీ, చుట్ట అలవాటున్నవాళ్లు ఆపరేషన్‌కు కనీసం నాలుగు వారాల ముందు మానేస్తే ఇన్ఫెక్షన్లూ ఊపిరి ఇబ్బందులూ తగ్గుతాయని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. తేదీ ముందే ఖరారయ్యే ఆపరేషన్లకు ఆ నాలుగు వారాలు మన చేతిలోనే ఉంటాయి.

ఇక ఎక్కువమంది అడిగిన ప్రశ్న: నడుముకా, మొత్తానికా? పెద్దవాళ్లకు తుంటి ఎముక విరిగినప్పుడు ఈ ప్రశ్న గట్టిగా వస్తుంది. చాలా ఏళ్లు మేమంతా నడుముకి ఇవ్వడమే మేలని నమ్మాం. 2021లో వచ్చిన రీగెయిన్ పరీక్షలో అమెరికా, కెనడాల్లో 1,600 మందికి చీటీలు వేసినట్టు ఎంపిక చేసి సగం మందికి నడుముకి, సగం మందికి మొత్తం మత్తు ఇచ్చారు. 60 రోజులకు చనిపోయినవాళ్లూ, సాయం లేకుండా నడవలేనివాళ్లూ కలిపి నడుముకి తీసుకున్నవాళ్లలో 18.5 శాతం, మొత్తం మత్తు తీసుకున్నవాళ్లలో 18 శాతం. చైనాలో 65 దాటిన 950 మందితో చేసిన పరీక్షలో సంధి, అంటే ఉన్నట్టుండి మతి తప్పడం, ఎంతమందికి పుట్టిందో చూశారు: 6.2 శాతం, 5.1 శాతం. అంటే తేడా లేదు. ఈ ‘తేడా లేదు’ అన్న మాట నాకు చాలా ఊరటనిచ్చింది. మీ అమ్మగారి వెన్ను వంగిపోయి సూది దిగకపోయినా, రక్తం పలచబడే మందు వాడుతుండటం వల్ల నడుముకి ఇవ్వలేకపోయినా ఆమెకు రెండో రకం వైద్యం అందినట్టు కాదు. ఆమె గుండె, ఊపిరి, ఆమె ఇష్టం చూసి నిర్ణయించుకోవచ్చు.

దానికన్నా ముఖ్యం త్వరపడటం. విరిగిన తుంటిని కట్టు కట్టి నెల రోజులు మంచాన పడేస్తే పుండ్లు, నిమోనియా వస్తాయి. నిర్ధారణ అయిన ఆరు గంటల్లో ఆపరేషన్ మొదలుపెట్టిన జట్టునూ, ఒక రోజు తర్వాత చేసిన జట్టునూ 17 దేశాల్లో 2,970 మందిలో పోల్చి 2020లో అచ్చువేశారు. మరణాల్లో తేడా రాలేదు. కానీ త్వరగా చేసినవాళ్లలో సంధి తగ్గింది, మూత్రపు ఇన్ఫెక్షన్ తగ్గింది, వాళ్లు ముందుగా లేచి నిలబడ్డారు.

నడుముకి మత్తిస్తే జీవితాంతం నడుము నొప్పి అన్న మాట ప్రతి సిజేరియన్ ఇంట్లోనూ వింటాను. ఆ సూది గుచ్చిన చోట కొద్ది రోజులు సలపరం ఉంటుంది, నిజమే. ఏళ్ల తరబడి ఉండే నొప్పికి గర్భంతో సాగిన కండరాలు, బిడ్డను వంగి ఎత్తుకోవడం, పాలిచ్చేటప్పుడు కూర్చునే తీరు కారణాలు. తలనొప్పి మాత్రం నిజంగా వస్తుంది. వెన్నులోని పొర చిల్లులోంచి నీరు కారడం వల్ల కూర్చుంటే తల పగిలిపోతుంది, పడుకుంటే తగ్గుతుంది. 1898లో జర్మనీలో ఆగస్ట్ బీర్ తన మీదా తన సహాయకుడి మీదా వెన్ను మత్తు పరీక్షించుకున్నప్పుడు ఇద్దరికీ ఆ తలనొప్పి వచ్చింది. ఇప్పుడు సూది మొన మారింది. పొరను కోసే వాడి మొన బదులు పెన్సిల్ ములుకులా ఉండి పోగుల్ని పక్కకు నెట్టుకుంటూ పోయే మొన వచ్చింది. 31 వేలమందికి పైగా ఉన్న పరీక్షలన్నీ కలిపి 2018లో లెక్కవేస్తే, పాత మొనతో 11 శాతం, కొత్త మొనతో 4.2 శాతం మందికి తలనొప్పి. ఇక్కడ ఏ సూది వాడతారని అడగడానికి మొహమాటపడకండి.

సంధి అన్నాను కదా, దాని గురించి కాస్త ఆగి చెబుతాను. పెద్దవాళ్లున్న ప్రతి ఇంటికీ ఇది తెలియాలి. ఆపరేషన్ అయిన రెండో రాత్రి, అప్పటిదాకా మామూలుగా మాట్లాడిన తండ్రి ఉన్నట్టుండి కొడుకును గుర్తుపట్టడు. సెలైన్ గొట్టం పీకేస్తాడు. ఎప్పుడో పోయిన అన్నను పిలుస్తాడు. ఇంట్లోవాళ్లు హడలిపోయి, పిచ్చెక్కిందనో, మత్తు తలకెక్కిందనో అనుకుంటారు. కొందరు అందుకు విరుద్ధంగా పలకకుండా గోడకు తిరిగి పడుకుంటారు; అది ఎవరి దృష్టికీ రాదు. మెదడు తరంగాలు చూస్తూ మత్తు తగ్గించి ఇస్తే సంధి తగ్గుతుందేమోనని అమెరికాలో 1,232 మందితో పరీక్షించారు. 2019లో ఫలితం వచ్చింది: అలా ఇచ్చినవాళ్లలో 26 శాతం, మామూలుగా ఇచ్చినవాళ్లలో 23 శాతం. తగ్గలేదు. కారణం ఒక్క మత్తులోనే లేదు. నిద్రలేమి, నొప్పి, ఒంట్లో నీరు తగ్గడం, మలబద్ధకం, కొత్త చోటు, పగలూ రాత్రీ తెలియని ఐసీయూ లైట్లు, ఇవన్నీ కలిస్తే అలసిన ముసలి మెదడు దారి తప్పుతుంది.

దారిలో పెట్టే పద్ధతి షారన్ ఇనౌయే అనే డాక్టరు యేల్‌లో 1999లోనే చూపించారు. ఆపరేషన్ రోగులు కాదు, మామూలు వార్డులో చేరిన 70 దాటిన 852 మంది. మందేమీ ఇవ్వలేదు. ఇవాళ ఏ వారమో చెప్పడం, కళ్లజోడు పెట్టడం, చెవి మిషను పెట్టడం, రోజుకు మూడుసార్లు నడిపించడం, నీళ్లు తాగించడం, రాత్రి చప్పుడు తగ్గించి నిద్రపోనివ్వడం. సంధి 15 శాతం నుంచి 9.9 శాతానికి పడిపోయింది. దీనికి అక్కడ శిక్షణ పొందిన స్వచ్ఛంద సేవకులు కావాల్సి వచ్చారు. మన వార్డులో ప్రతి మంచం పక్కనా ఒక కూతురో, కొడుకో, తోడల్లుడో ఉంటారు. ఈ పని మనవాళ్ల కన్నా బాగా చేయగలిగినవాళ్లు లేరు.

థియేటర్లోకి తీసుకెళ్లేటప్పుడు కళ్లజోడు, కట్టుడు పళ్లు, చెవి మిషను తీసి ఒక కవర్లో వేసి మీ చేతికిస్తారు. ఆ కవరు చాలాసార్లు బీరువాలోకి పోయి మూడో రోజు దాకా బయటికి రాదు. మసక చూపుతో, వినబడక, బోసినోటితో ఉన్న మనిషిని ఎవరెవరో వచ్చి పొడుస్తుంటే మతి చలించదా? మెలకువ వచ్చి, గదిలోకి రాగానే ఆ కవరు విప్పండి. నర్సును అడిగి ముందు కళ్లజోడు పెట్టండి. ఎదురుగా గడియారం ఉంచండి. పగలు కిటికీ తెరవండి. ఆయనను ఇంట్లో ఎలా పిలుస్తారో అలాగే పిలవండి. సంధి పుడితే వాదించకండి, అరవకండి. డ్యూటీ డాక్టరును పిలవండి, ఎందుకంటే కొన్నిసార్లు అది లోపల మొదలైన ఇన్ఫెక్షన్‌కు మొదటి గుర్తు.

మరణాల కారణాల్లో మొదట చెప్పిన రక్తస్రావం గురించి ఒక్క మాట. ట్రానెగ్జామిక్ ఆసిడ్ అనే పాత, చవక మందు ఉంది. 1960లలో జపాన్‌లో ఉటాకో ఒకమోటో, ఆమె భర్త కలిసి కనిపెట్టినది. 9,535 మందితో చేసిన పాయిజ్-3 పరీక్ష 2022లో వచ్చింది. మందు తీసుకున్నవాళ్లలో పెద్ద రక్తస్రావం 9.1 శాతం, తీసుకోనివాళ్లలో 11.7. రక్తం దొరకడమే కష్టమైన మన జిల్లా ఆస్పత్రులకు ఈ తేడా చిన్నది కాదు.

చంటిబిడ్డ తల్లికి. అమ్మా, మీ భయం మా వృత్తిలో అందరికీ ఉండేది. ఎలుక పిల్లలకు గంటల తరబడి మత్తిస్తే మెదడు కణాలు చనిపోతున్నాయని తేలినప్పుడు మేమూ కంగారుపడ్డాం. అందుకే ఏడు దేశాల్లో 722 మంది పసిబిడ్డలను, మీ బిడ్డలాగే హెర్నియా ఆపరేషన్‌కు వచ్చినవాళ్లను తీసుకుని, కొందరికి మెలకువగా ఉంచి నడుము మత్తు, కొందరికి మొత్తం మత్తు ఇచ్చారు. మత్తులో ఉన్నది సుమారు గంట. ఆ పిల్లలకు ఐదేళ్లు వచ్చాక కూర్చోబెట్టి తెలివితేటలు పరీక్షించారు. 2019లో ఫలితం వచ్చింది: ఒక జట్టు సగటు 99.08, ఇంకో జట్టు సగటు 98.97. గంటలోపు ఒక్కసారి ఇచ్చే మత్తు గురించి మీరు నిద్ర పాడు చేసుకోనక్కర్లేదు. మూడేళ్లలోపు పిల్లలకు మూడు గంటలు దాటే మత్తు, పదేపదే ఇచ్చే మత్తు విషయంలో జాగ్రత్త అవసరమని అమెరికా ఎఫ్‌డీఏ 2016లో హెచ్చరించింది. మీ బిడ్డది ఆ కోవ కాదు. ఆపరేషన్‌కు నాలుగు గంటల ముందు దాకా పాలివ్వండి. అలారం పెట్టుకుని లేచి ఇవ్వండి, బిడ్డ ఆకలితో ఏడవకుండా ఉంటుంది.

చివరిగా, ఆషాఢంలో ఆపరేషన్ పెట్టుకున్న ఒక పాఠకురాలు అడిగారు: గోరింటాకు పెట్టుకుంటే ఒప్పుకోరట, నిజమా? వేలి క్లిప్పు గోరు మీదుగా వెలుతురు పంపి, రెండోవైపు ఎంత చేరిందో చూసి ఆక్సిజన్ లెక్క కడుతుంది. దారిలో నల్లటి రంగు అడ్డొస్తే లెక్క తప్పొచ్చు. ఇంట్లో రుబ్బిన ఎర్రటి గోరింటాకుతో పెద్ద తేడా రాదు. నల్లగా పండే రంగు మెహందీ, ముదురు గోళ్ల రంగు మాత్రం వద్దు. ఈ లెక్క తప్పడం గోళ్ల రంగుతోనే ఆగదని 2020లో మిషిగన్ పరిశోధకులు చూపించారు. క్లిప్పు 92 నుంచి 96 దాకా చూపిస్తూ బాగుందంటున్నప్పుడు, రక్తం తీసి చూస్తే 88 కన్నా తక్కువ ఉన్నవాళ్లు తెల్లవాళ్లలో 3.6 శాతం, నల్లవాళ్లలో 11.7 శాతం. చామనఛాయ నుంచి నలుపు దాకా అన్ని రంగులూ ఉన్న మన ఒళ్ల మీద ఈ క్లిప్పు ఎంత నిజం చెబుతోందో మన ఆస్పత్రుల్లో గట్టిగా తేల్చాలి. అందాకా నేను అంకె ఒక్కటీ నమ్మను. పెదాల రంగు చూస్తాను, ఊపిరి వేగం చూస్తాను, అనుమానం వస్తే రక్తం తీసి పంపుతాను. మీరు గోరింటాకు పెట్టుకోండమ్మా. ఎడమ చేతి చూపుడు వేలు మాత్రం నాకు వదిలేయండి.

వచ్చే నెల నొప్పి మందుల గురించి. ఈలోగా ఉత్తరాలు రాస్తూ ఉండండి.

ఇట్లు,
మీ మత్తు డాక్టరు